మూత పెట్టిన గాలి

భీమేశ్వరరావు ఆ ఆదివారం పొద్దున వంటింటి గట్టు మీద భార్య కుక్కరుని బోర్లించి, దాని అడుగున బిగించిన అద్దాన్ని పంచె చెంగుతో తుడుస్తూ మురిసిపోతున్నాడు. కుక్కరుకి అడుగున అద్దమేమిటని మీకు అనుమానం రావాలి. వచ్చిందనుకునే చెబుతున్నాను, కాస్త నిదానంగా వినండి.

డెబ్బై నాలుగు ఎండాకాలం. లింగంపల్లి స్టేషనుకి ఇవతల రెండు గదుల కిరాయి ఇల్లు ఆయనది. ఏలూరు నుంచి వచ్చి తొమ్మిదేళ్ళు. చెరువులూ కాలవలూ చూసే సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్, అంటే ఇంజనీర్లు గీయమన్న గీతలు గీసే ఉద్యోగం. కానీ ఆయన మాటలు వింటే మాత్రం హైదరాబాదు చుట్టూ ఉన్న చెరువు కట్టలన్నీ ఆయన పెన్సిలు మొన మీదే నిలబడ్డాయని నమ్మాలి. ఇక్కడి తిండి ఆయనకి పనికిరాదు, ఇక్కడి నీళ్ళు పనికిరావు, ఇక్కడి మాట అసలే పనికిరాదు. భార్య భ్రమరాంబ కాపురానికి వచ్చిన కొత్తలో పాలవాడితో "జర ఆగు" అందట పాపం. ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు మహానుభావుడు. ఆ తరవాత తొమ్మిదేళ్ళలో ఆవిడ నోట ఈ ఊరి మాట ఒక్కటి వస్తే ఒట్టు.

ఆవిడకి ఉబ్బసం. ఎండాకాలం దుమ్ము లేస్తే మరీను. మూడు శ్వాసలు బాగానే తీసుకుంటుంది, నాలుగోది గొంతులో చిక్కుకుంటుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ మూడు. రాత్రిళ్ళు ఆ చప్పుడుకి తన నిద్ర పాడవుతోందని ఆఫీసులో అందరికీ చెప్పుకునేవాడు ఆయన. ఆవిడ నిద్ర సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ ఏడాది ఆఫీసుల్లో ఒకటే గుబులు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళలో కొందరు ఉంటారు, కొందరు వెనక్కి పోతారు, జాబితాలు తయారవుతున్నాయి. భీమేశ్వరరావుకి ఏలూరు అంటే ప్రాణం, అయితే దూరం నుంచే. ఎందుకంటే ఏలూరులో ఆయన ఇంజనీరు. బావమరుదులకీ, మేనత్తలకీ, పెళ్ళిలో వడ్డించిన వంటవాడికీ కూడా ఇంజనీరని చెప్పుకున్నాడు. ఇప్పుడు అదే ఊళ్ళో, అదే శాఖ ఆఫీసులో, నలుగురూ వచ్చిపోయే వరండా పక్కన బల్ల ముందు కూర్చుని ఇంకొకరు చెప్పిన గీతలు గీయాలంటే... దానికన్నా రైలు కింద పడటం మేలనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బండకింది చెరువు గొడవ వచ్చింది. రాయదుర్గం దాటాక, మణికొండ పోయే బాటలో, రెండు పెద్ద బండల నడుమ ఉండేది ఆ చెరువు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల బండలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమున్నాయి గనక. చెరువు అడుగున తూము ఉంది. ఆ తూము రంధ్రం మీద రాతి మూత. మూత పగిలింది, అందుకే నీళ్ళు కారిపోతున్నాయని ఒక ఇంజనీరు అన్నాడు. పగల్లేదు, పక్కకి జరిగిందంతే అని ఇంకో ఇంజనీరు. చూద్దామంటే చెరువు ఖాళీ చేయాలి. నడి ఎండాకాలం మూడు ఊళ్ళ గొడ్డూగోదా తాగే నీళ్ళు అవి.

"కింద ఏముందో ఫోటో తీసి తెస్తాను సార్," అన్నాడు భీమేశ్వరరావు.

విదేశాల్లో సముద్రం లోపల ఫోటోలు తీస్తారని ఏదో పత్రికలో బొమ్మలు చూశాడు లెండి, చదవలేదు. పై అధికారి రామబ్రహ్మం గారు ఈయన్ని కిందినుంచి పైదాకా చూసి, ఫైలు సోమవారం పైకి పోతుందనీ, అందులో ఫోటో ఉంటే ఇక్కడ ఉండేవాళ్ళ జాబితాలో నీ పేరు రాస్తాననీ, లేకపోతే ఏలూరేననీ చెప్పారు. అంతే. కాగితం మీద పెట్టలేదుగానీ రామబ్రహ్మం గారి మాటంటే కాగితమే.

అలా వచ్చింది కుక్కరు మీదికి. భ్రమరాంబ అన్నగారు మద్రాసు నుంచి మోసుకొచ్చిన అయిదు లీటర్ల కుక్కరు అది. ఆవిడకున్న ఒకే ఒక్క సుఖం. ఆవిడ రైల్వే క్వార్టర్లలో పేరంటానికి వెళ్ళిన పూట దాని అడుగు గుండ్రంగా కోయించి, అద్దం బిగించి, చుట్టూ తారు పోశాడు. విజిలు పెట్టే గొట్టాన్ని రబ్బరు ముక్కతో మూసి తీగతో కట్టేశాడు. సేఫ్టీ వాల్వు ఉండే కన్నంలోంచి సైకిలు బ్రేకు తీగ దూర్చి, లోపల పెట్టే బాక్సు కెమెరా మీటకి తగిలించాడు. బయట బ్రేకు నొక్కితే లోపల ఫోటో పడుతుంది. రీలు తిప్పాలంటే మాత్రం మూత తీయాల్సిందే, అంటే ఒక్కో మునకకి ఒక్కో ఫోటో.

ఆవిడ వచ్చి చూసి ఏడవలేదు. కుక్కరుని కాసేపు చేతుల్లో పట్టుకుని, ఒక్క మాట అంది.

"ఏమండీ, ఆ రబ్బరు లోపలి ఆవిరి బయటికి పోకుండా పెట్టింది. బయటినుంచి వచ్చేదాన్ని అదేం ఆపుతుంది?"

అక్కడితో ఆగి ఆలోచించినవాడైతే ఈ కథ ఉండేది కాదు. ఆడవాళ్ళకి కుక్కరంటే పప్పు ఉడకడమే తెలుసుననీ, ఒత్తిడి శాస్త్రం వేరే ఉందనీ నవ్వేశాడు. లోపల సిరా అద్దుడు కాగితం వేసి, మూత బిగించి, నీళ్ళ బకెట్లో ముంచి చూపించాడు. ఒక్క బుడగ రాలేదు. కాగితం పొడిగానే ఉంది. బకెట్టు లోతెంత, చెరువు లోతెంత అని ఆవిడ అడగలేదు. అడిగితే ఏమొస్తుందో తొమ్మిదేళ్ళుగా తెలుసు కదా.

*

బండకింది చెరువుకి చేరేసరికి పదకొండు. నీళ్ళలోకి ఎండ నిట్టనిలువుగా దిగాలని కావాలనే ఆ వేళ పెట్టుకున్నాడు. కట్ట మీద నీరటి మొగిలి కూర్చుని ఉన్నాడు. తూము తీయడం, మూయడం, దాని కోసం నీళ్ళలో మునగడం నీరటి పని. తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళదే ఆ పని. అరవై ఏళ్ళుంటాయి. ఎండకి నల్లబడి, బక్కచిక్కి, మాటకి ముందు కాసేపు ఆలోచించే మనిషి.

రెండేళ్ళ కిందట ఇతని తమ్ముడు రామన్న ఇదే తూములో పోయాడు. రాతి మూత సరిచేయడానికి దిగి మళ్ళీ పైకి రాలేదు. మూడో రోజు దొరికాడు. ఆ సంగతి ఆఫీసు కాగితాల్లో ఒకటిన్నర వాక్యంగా ఉంది. అది భీమేశ్వరరావే అందమైన దస్తూరీతో రాశాడు.

తెప్ప మీద ఇద్దరూ తూము స్తంభాల దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. వేడెక్కిన రాళ్ళ వాసన, నాచు వాసన. ఎక్కడో ఒక నీటికోడి ఒకసారి అరిచి మానేసింది. మొగిలి నడుముకి ఈత సొరబుర్ర కట్టుకుని ఉన్నాడు. అది కదిలినప్పుడల్లా లోపల గింజలు గలగలమంటున్నాయి. ఏమిటది అని అడిగితే, జొన్నలని చెప్పాడు. ఈ చెరువులో లోపల ఖాళీగా ఉండి మూసుకున్న వస్తువు ఏది దింపినా పిడికెడు జొన్నలు వేసి దింపుతారట. ఇది తాతల కాలం నుంచీ ఉన్న పద్ధతేనట. కుక్కరుని అటూ ఇటూ తిప్పి చూసి, నడుముకున్న సంచీలోంచి పిడికెడు జొన్నలు తీసి అందులో పోశాడు.

ఎందుకని అడిగాడు భీమేశ్వరరావు. మొగిలి నీళ్ళకేసి చెయ్యి చూపించాడు.

"గాడ అడుగుల ఉన్నోనికి ఏం గావాలె సార్? అన్నమా, బట్టనా? గాలి గావాలె. మూత పెట్టిన గాలి దింపితే, కిరాయికి ఇల్లు ఖాళీ ఉన్నదని బోర్డు పెట్టినట్టే. గింజలుంటే నిండిందనుకుంటడు."

భీమేశ్వరరావు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాడు. ఆ నవ్వు అవతలి బండకి తగిలి తిరిగొచ్చింది. ఈ దేశం ఇందుకే ఇలా ఉందన్నాడు, దయ్యాలకి కూడా అద్దె ఇళ్ళు వెతికే మేధావులు మీరే అన్నాడు, జొన్నగింజ ఒక్కటి అద్దానికి అడ్డం పడితే ఫోటో గతేమిటన్నాడు. కుక్కర్లో పోసిన గింజల్ని దులిపి చెరువులో పారబోశాడు. అవి మెల్లగా తిరుగుతూ దిగి కనపడకుండా పోయాయి.

మొగిలి సంచీలోంచి నాలుగు గింజలు తీసి తన నోట్లో, నాలిక కింద పెట్టుకున్నాడు. కుక్కరుకి రాయి కట్టుకుని దిగాడు.

భీమేశ్వరరావు నీటి మీదికి వంగి చూస్తున్నాడు. లోపలికి నీరు పోతే బుడగలు రావాలి. ఒక్కటీ రాలేదు. ఇంకేం, గెలిచాననుకున్నాడు. మొగిలి పైకి తేలాక, కుక్కరు అందుకుని మూత తిప్పబోతే రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. తొడల మధ్య పెట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు. మూత కదిలింది.

స్... స్... స్... మని లోపలి గాలి బయటికి వచ్చింది. చాలాసేపు వచ్చింది.

అడుగున దోసెడు నీళ్ళు. అద్దుడు కాగితం ముద్దయింది. కెమెరా కింది సగం తడి. లోతులో నీరు తోసుకు వచ్చి ఉంటుంది, పైకి వచ్చేటప్పుడు రబ్బరు బిగుసుకుని లోపలి గాలిని ఆపి ఉంటుంది, భార్య చెప్పింది అక్షరాలా అదే. కానీ ఆ మాట ఒప్పుకుంటే ఆయన భీమేశ్వరరావు ఎలా అవుతాడు. మొగిలి రాతికి కొట్టుంటాడని తిట్టాడు. తిడుతూనే ముక్కు చిట్లించాడు. కుక్కర్లోంచి వచ్చిన గాలిలో ఏదో వాసన. బురద కాదు. తంబాకు... నమిలిన తంబాకు.

మొగిలి ముఖం అటు తిప్పుకున్నాడు. అతనికి తంబాకు అలవాటు లేదు, తమ్ముడికి ఉండేది.

కెమెరా తుడిచి, రీలు తిప్పి, రబ్బరుకి వేజలైను దట్టంగా పూసి, రెండోసారి దింపించాడు. ఈసారీ బుడగల్లేవు. ఈసారీ మూత రాలేదు, వచ్చాక అదే నిట్టూర్పు, ఇంకాస్త పొడుగ్గా. రెండు దోసిళ్ళ నీళ్ళు. అద్దం మీద లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. చలికాలం పొద్దున అద్దం ముందు నోరు తెరిచి ఊదితే పడుతుందే, అలాంటి గుండ్రటి మరక. నడి ఎండాకాలం, పన్నెండు గంటలవేళ.

"గింజలెయ్యి సార్," అన్నాడు మొగిలి మెల్లగా. "రెండుసార్లు వచ్చి చూసిండు. ఇగ మూడోసారి ఉంటడు."

దిగనన్నాడు. ఏమన్నా దిగనన్నాడు. భీమేశ్వరరావు కోపం అంతా ఇంతా కాదు. రేపు పొద్దున్నే ఫైలు. కళ్ళ ముందు ఏలూరు ఆఫీసు వరండా, గుమ్మంలో నవ్వుతున్న బావమరుదులు. నోటికొచ్చినట్టు అన్నాడు, ఆ ముసలాయన్నీ, కులాన్నీ, ఊరినీ. మొగిలి అంతా విని తెప్ప చివర కూర్చున్నాడు. చేసేది లేక కుక్కరుకి తాడు కట్టి, బ్రేకుకి పురికొస కట్టి, తనే తూము మీదుగా కిందికి వదిలాడు. తాడుతో దింపితే ఊగుతుందనీ, ఊగితే బొమ్మ చెదురుతుందనీ తెలుసు. అందుకే అసలు మనిషిని దింపింది.

తాడు పదిహేను అడుగులు దిగింది. ఊగింది కాసేపు.

తరవాత ఆగింది.

ఊగి ఊగి ఆగడం కాదు. కింద ఎవరో కుక్కరుని రెండు చేతులా ఒడిసి పట్టుకున్నట్టు, ఉన్నపళాన ఆగింది. తాడు నిటారుగా, బిర్రుగా నిలబడింది. భీమేశ్వరరావు పురికొస లాగబోయాడు. ఆయన లాగకముందే అది ఆయన వేళ్ళమధ్య ఒక్కసారి... టక్కుమని లాగుకుంది.

పైకి తీశాక చూస్తే అద్దంలోంచి కెమెరా శుభ్రంగా కనిపించింది. నీటి చుక్క లేదు. అద్దుడు కాగితం తెల్లగా, పొడిగా ఉంది. వేజలైను పని చేసిందని ఎగిరి గంతేశాడు. తెప్ప ఊగింది. మూత తీయబోతే కదల్లేదు. సరే, ఇంటి దగ్గరే తీస్తాననుకున్నాడు.

అప్పుడు మొగిలి లేచి వచ్చి, చేతులు జోడించాడు. "ఈడనే తెరువు సార్. నీళ్ళ దిక్కు పెట్టి తెరువు, వాని గాలి వానికి పోతది. ఇంటికి తీస్కపోయి తెరువకు. నీ కాల్మొక్త."

భీమేశ్వరరావు సమాధానం చెప్పడానికి కూడా అతను తగడనుకున్నాడు. సైకిలు క్యారేజీకి కుక్కరు కట్టుకుంటుంటే, మొగిలి వెనకనుంచి వచ్చి చొక్కా జేబులో ఏదో పోశాడు. పిడికెడు జొన్నలు. దులుపుకుందామంటే రెండు చేతులూ తాడు ముడిలో ఉన్నాయి. పోనీలే దారిలో పారేద్దామని బయలుదేరాడు.

దారిలో మరిచిపోయాడు. ఎందుకంటే గచ్చిబౌలి ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు కదల్లేదు. వెనక మనిషిని ఎక్కించుకుని తొక్కినట్టుంది. దిగి, నడిపించుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. కుక్కరు పక్కకి ఒరిగి ఉంది, అద్దం ఆయనవైపు తిరిగి ఉంది. అద్దం మీద లోపలినుంచి ఆవిరి పట్టింది... పోయింది. మళ్ళీ పట్టింది... పోయింది. నిదానంగా. ఎండ వేడికి అలా అవుతుందని, ఒత్తిడి శాస్త్రమని, తనకి తనే పైకి చెప్పుకున్నాడు.

*

మధ్యాహ్నం మూడింటికి స్నానాలగదిలో చీకటి చేసుకున్నాడు. ఫిల్ము కడగాలంటే కటిక చీకటి కావాలి, వెలుతురు సూది మొనంత పడినా బొమ్మ బూడిదే. కిటికీకి దుప్పటి కొట్టాడు, తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కాడు. అదీ చాలదన్నట్టు ఇంటి కిటికీలన్నీ మూయించాడు. భ్రమరాంబ అప్పటికే కాస్త ఆయాసపడుతోంది. ఎవరు చచ్చినా సరే తను చెప్పేదాకా తలుపు దగ్గరికి రావద్దని హుకుం జారీ చేసి లోపల గడియ పెట్టుకున్నాడు.

దీపం ఉండగానే కుక్కరు మూత తిప్పాడు. ఈసారి తేలిగ్గా వచ్చింది.

గాలి వచ్చింది. స్... మని కాదు. హా... అని.

రెండేళ్ళు ఊపిరి బిగబట్టినవాడు వదిలినట్టు. గది నిండా తంబాకు వాసన, తడి బురద వాసన. కుక్కర్లోకి చూశాడు. కెమెరా తప్ప ఏమీ లేదు. ఛీ అనుకుని, మందునీళ్ళ పళ్ళేలు సర్ది, దీపం ఆర్పాడు.

చీకట్లో ఫిల్ము తీసి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, పళ్ళెంలో ఉయ్యాల ఊపినట్టు పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు. అలా ఎనిమిది నిమిషాలు. నాలుగువందల ఎనభై అంకెలు లెక్కపెట్టాలి. అంతవరకు చేయి ఆపడానికి లేదు, తలుపు తీయడానికి లేదు.

ఒకటి, రెండు, మూడు...

అరవై దగ్గర తన ఊపిరి చప్పుడు మరీ గట్టిగా వినిపిస్తోందనిపించింది.

తొంభై దగ్గర ఊపిరి బిగబట్టాడు.

చప్పుడు ఆగలేదు.

గదిలో ఇంకెవరో ఊపిరి తీస్తున్నారు. మూల నుంచి. కుక్కరు పెట్టిన స్టూలు వైపు నుంచి. ఆబగా... చాలారోజులు పస్తున్నవాడు అన్నం మీద పడ్డట్టు, గదిలో ఉన్న గాలినంతా లోపలికి లాగుకుంటున్నారు. నేల మీద తడి పాదం పడిన చప్పుడు. ఇంకొకటి. స్నానాలగది ఎంత ఉంటుంది గనక. నాలుగడుగులు.

నూట నలభై. నూట నలభై ఒకటి...

చల్లటి గాలి ముఖానికి తగిలింది. తగలడం కాదు... ముఖం నుంచి పోతోంది. ఆయన నోట్లో గాలి ఆయన్ని అడక్కుండా బయటికి పోతోంది. ఛాతీ బరువెక్కింది. చెవులు గింగురుమన్నాయి. తలుపు చేతికందే దూరంలో ఉంది. తీస్తే వెలుతురు. వెలుతురు పడితే ఫిల్ము బూడిద. బూడిదైతే ఏలూరు.

తీయలేదు.

ఫిల్ముని పళ్ళెంలో ముంచేసి, కుడిచేత్తో జేబు తడిమాడు. జొన్నలు. పిడికెడంతా నోట్లో కుక్కుకున్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బేదాకా. దయ్యాలకి అద్దె ఇళ్ళని పొట్ట చెక్కలయ్యేట్టు నవ్విన పెద్దమనిషి, చీకట్లో, బాత్రూములో, పచ్చి జొన్నలు నోటినిండా పెట్టుకుని నిలబడ్డాడు.

గాలి లాగడం ఆగింది. ముఖానికి జానెడు దూరంలో ఏదో కాసేపు నిలబడింది. తల అటూ ఇటూ తిప్పుతున్నట్టు, వెతుకుతున్నట్టు... తరవాత తడి పాదాలు తిరిగాయి. తలుపు వైపు.

రెండువందల తొంభై.

గోనెపట్టా మెల్లగా కదిలింది. తలుపు కింద సందులోంచి గాలి పోతున్న చప్పుడు.

అవతల భ్రమరాంబ దగ్గింది. చాలా దగ్గరగా. తలుపు వారనే కూర్చుని ఉంది. మూసిన ఇంట్లో ఊపిరాడక, రావద్దన్నా వచ్చింది పాపం.

"ఏమండీ," అంది. "ఒక్కసారి తలుపు తీయండి. గాలి ఆడటం లేదు."

ఆయనకి అర్థమైంది. అర్థం కాలేదని చెప్పడానికి వీల్లేదు. కింద సందులోంచి అటు పోయింది ఏమిటో తెలుసు, అటువైపు నోరు తెరుచుకుని గాలి కోసం పెనుగులాడుతున్నది ఎవరో తెలుసు. పో, అక్కడినుంచి లేచి పో అని ఒక్క అరుపు అరిస్తే చాలు. కానీ నోరు తెరిస్తే గింజలు రాలిపోతాయి. తలుపు తీస్తే బొమ్మ పోతుంది.

ఇంకా మూడు నిమిషాలు.

ఫిల్ము కొసలు వెతుక్కుని పట్టుకున్నాడు. పైకీ కిందికీ ఆడించాడు. మూడువందల ఒకటి. మూడువందల రెండు...

"ఏమండీ..."

మూడు శ్వాసలు. ఆగింది. మూడు శ్వాసలు. ఆగింది. మూడు...

ఆగింది.

నాలుగువందల ఎనభై దాకా లెక్కపెట్టాడు. ఒక్క అంకె తప్పలేదు.

*

తలుపు తీసేసరికి భ్రమరాంబ గోడకి ఆనుకుని ప్రశాంతంగా కూర్చుని ఉంది. ఊపిరి నిదానంగా, లోతుగా, ఎక్కడా చిక్కుకోకుండా ఆడుతోంది. ఉబ్బసం ఉన్న మనిషిలా లేదు. గింజలు అరచేతిలో ఉమ్మి, ఎలా ఉంది అని అడిగాడు. ఆవిడ తలెత్తి చూసి, బాగానే ఉందన్నట్టు తల ఊపింది. చూశావా, నీ ఆయాసమంతా భయమే అన్నాడు భీమేశ్వరరావు. సిగ్గు లేకపోతే సరి.

మొదటి రెండు బొమ్మలూ నీళ్ళు తగిలి పాడయ్యాయి. మూడోది అద్దంలా వచ్చింది. తూము రంధ్రం, దాని మీద రాతి మూత, పగల్లేదు, జానెడు పక్కకి జరిగింది. ఎంత స్పష్టమంటే రాయి మీద ఉలి దెబ్బలు కూడా లెక్కపెట్టవచ్చు. ఒక్కటే లోపం. బొమ్మకి రెండు పక్కలా అంచుల్లో మసగ్గా ఏవో ఉన్నాయి. కుక్కరుని కిందినుంచి పట్టుకున్నవాడి వేళ్ళలా, అటు నాలుగు, ఇటు నాలుగు. మొగిలివై ఉంటాయనుకున్నాడు. మూడోసారి మొగిలి తెప్ప మీద కూర్చున్నాడన్నది గుర్తొచ్చి, బ్లేడు తీసుకుని రెండు అంచులూ కత్తిరించేసి, మిగతాది కాగితానికి అంటించాడు.

సోమవారం రామబ్రహ్మం గారు ఫోటో చూసి మొదటిసారి ఈయన్ని కూర్చోమన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. సాయంత్రానికి భీమేశ్వరరావు పేరు ఇక్కడ ఉండేవాళ్ళ జాబితాలో ఎక్కింది. ఇక ఈ జన్మకి ఏలూరు లేదు. స్టేషను దగ్గర అరకిలో జిలేబీ కట్టించుకుని, పాట పాడుకుంటూ ఇల్లు చేరాడు.

గాలిదుమారం లేస్తోంది. ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. దుమ్ము లోపలికి కొడుతోంది. భ్రమరాంబ ముందుగదిలో నేల మీద, గోడవారన గొంతుకూర్చుని ఉంది. ఆవిడ అలా కూర్చోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. దవడ ఒక పక్కకి ఉబ్బి, ఏదో నములుతున్నట్టుంది. గదిలో తంబాకు వాసన.

ఉద్యోగం నిలబడిందని, ఏలూరు వెళ్ళక్కర్లేదని చెప్పాడు. ఆవిడ నములుతూనే ఉంది. దుమ్ము పడుతోందని విసుక్కుంటూ వెళ్ళి తలుపు మూయబోయాడు.

"తలుపు పెట్టకు సార్," అంది భ్రమరాంబ. "జర గాలి రానియ్."

భీమేశ్వరరావు చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. వంటింటి వైపు చూస్తోంది. ఆయనా అటు చూశాడు.

వంటింటి గూట్లో కుక్కరు ఉంది. నిన్న స్నానాలగదిలో స్టూలు మీద మూత తీసి వదిలేసిన కుక్కరు. ఎవరో దాన్ని శుభ్రంగా తోమి, రబ్బరు వేసి, మూత పెట్టి, గట్టిగా బిగించి, అద్దం ఇటు తిప్పి పెట్టారు. లోపల ఏమీ లేదు.

అద్దం మీద లోపలినుంచి ఆవిరి పట్టింది. పోయింది. పట్టింది. పోయింది. పట్టింది. పోయింది.

ఆగింది కాసేపు.

మళ్ళీ మూడు.